పాకం దగ్గర పెద్దలు, బట్ట దగ్గర పిల్లలు

చిట్టితల్లీ,

ఈసారి సంక్రాంతి సెలవులకు ఇంటి పిల్లలందరినీ భద్రాచలంలో నీ దగ్గరే దింపుతున్నారని తెలిసింది. రెండేళ్లవాడి నుంచి ఏడేళ్ల పిల్లదాకా పెద్ద గుంపే. ఏం చేసిపెట్టాలి, ఎక్కడెక్కడ తిప్పాలి అని అడిగావు. పెద్దమ్మ జవాబు కాస్త పొడుగే, ఓపిగ్గా చదువు.

పిండివంటలు చేసే రోజున పిల్లల్ని వంటింట్లోంచి తరిమేయడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. మూకుట్లో నూనె కాగుతున్నప్పుడు అది తప్పు కూడా కాదు. కానీ ఏ వంటలోనైనా పొయ్యి మీద జరిగే పని కొంత, పొయ్యికి దూరంగా జరిగే పని కొంత ఉంటుంది. ఆ రెండోదాన్ని మొత్తంగా పిల్లలకు వదిలేయవచ్చు. ముందురోజు రాత్రే ఎవరికి ఏ పనో పంచేసుకుంటే పండగ సగం సాగినట్టే.

భద్రాచలం వంటిల్లు రెండు ప్రాంతాలకు చుట్టం. 1959 దాకా ఈ డివిజన్ తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఖమ్మంలో కలిపారు. 2016 అక్టోబరు 11 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. కాగితాల మీద జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా, గోదావరి వైపు అరిసె, తెలంగాణ సకినం ఇక్కడ ఒకే పండక్కి ఒకే ఇంట్లో కనబడతాయి. ఏది గొప్పదన్న తగువు పెద్దవాళ్లు పడతారు. పిల్లలకు మాత్రం సకినమే ముందు, ఎందుకంటే అది వాళ్ల చేతికి అందుతుంది.

కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వార్చి, తడి ఉండగానే మర పట్టించాలి. ఆ పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్లతో మెత్తగా కలపాలి. నేల మీద శుభ్రమైన పాత పంచె పరిచి, పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ చుట్టు చుట్టూ మరో చుట్టు వేసుకుంటూ పోవడమే. చేయి తిరిగినవాళ్లు నాలుగైదు చుట్లు వేస్తారు. ఏడేళ్ల పిల్లకు రెండు చుట్లు వస్తే అదే గొప్ప. నాలుగేళ్లవాడు ఒక్క చుట్టు కూడా పూర్తి చేయకుండా దాన్ని పామనో, నత్త అనో అంటాడు. అననివ్వాలి. వాడి చేతిలోంచి పిండి లాక్కుని సరిచేసే పెద్దవాళ్లే ఈ వంటను పాడుచేస్తారు. రెండేళ్లవాడికి పంచె అంచున ఒక పిండిముద్ద ఇచ్చి కూర్చోబెడితే చాలు, వాడి పని వాడికి దొరికినట్టే.

వేసిన సకినాలు బట్ట మీద కాసేపు ఆరాలి. బట్ట ఎక్కువ తడిని పీల్చుకుంటుంది. ఆరకుండా నూనెలో పడితే లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై నూనె చిమ్ముతుంది. పిల్లలు చుట్టినవి ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటాయి కాబట్టి వాటిని విడిగా, సన్నని మంట మీద నిదానంగా కాల్చాలి. లావు భాగం లోపల పచ్చిగా ఉంటే పంటికింద తెలిసిపోతుంది. ఈ ఆరే వ్యవధిలోనే పిల్లల స్నానాలు కానిస్తే, మూకుడు పొయ్యెక్కే సమయానికి వాళ్లు వంటింటి దారిలో ఉండరు.

అరిసెల సంగతి వేరు. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం చాలామంది లెక్క. చెంచాతో పాకం తీసి చన్నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి. మరిగే నీళ్ల వేడి 100 డిగ్రీలైతే, ఉండపాకం వేడి 112 నుంచి 116 సెల్సియస్ డిగ్రీల దాకా ఉంటుంది. పైగా నీళ్లలా జారిపోదు, చర్మాన్ని అంటుకుని ఉండిపోతుంది. అందుకే పాకం దించి, తడిపిండి కలిపి, చలిమిడి గోరువెచ్చగా అయ్యేదాకా ఆ గదిలోకి పిల్లలు రాకూడదు. ఇందులో మొహమాటం పనికిరాదు, ఎవరు ఏడ్చినా సరే. చల్లారాక ఒక్కొక్కరికి చిన్న చలిమిడి ఉండ ఇచ్చి, నువ్వుల్లో దొర్లించమని చెబితే అలక తీరుతుంది.

పూర్తిగా వాళ్ల చేతుల మీద జరిగే వంట కావాలంటే చిమ్మిలి ఉంది. నువ్వులు దోరగా వేయించడం ఒక్కటే పెద్దవాళ్ల పని. చల్లారిన నువ్వుల్లో, వాటికన్నా కాస్త తక్కువ బెల్లం తరుగు వేసి రోట్లో దంచితే నువ్వుల నూనె ఊరి ముద్ద దానంతటదే దగ్గరపడుతుంది. రోకలి పెద్దవాళ్లు పట్టుకున్నా, బెల్లం వేసేది, ఉండలు చుట్టేది పిల్లలే. మిక్సీలో వేస్తే నిమిషంలో అయిపోతుంది కానీ, నిమిషంలో అయిపోయే పనితో ఇంతమంది పిల్లలకు పొద్దెలా గడుస్తుంది?

ఇక్కడే ఒక జాగ్రత్త. నాలుగేళ్లు నిండనివాళ్లకు గట్టి గింజలు అలాగే పెట్టవద్దంటారు పిల్లల డాక్టర్లు. వేరుశనగపప్పు గొంతులోకి కాక ఊపిరి గొట్టంలోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి పల్లీపట్టీ పెద్దపిల్లలకే. చిన్నవాళ్లకు పల్లీలు మెత్తగా పొడిచేసి బెల్లంతో ఉండ కట్టాలి. భోగి సాయంత్రం తలమీద పోసే భోగిపళ్లలోనూ ఇదే చిక్కు. రేగిపళ్లు, చిల్లరనాణేలు, శనగలు నేలమీద దొర్లుతుంటే పిల్లలు ఏరుకోవడానికి ఎగబడతారు, దొరికింది నోట్లో వేసుకుంటారు. రేగిగింజ, రూపాయి బిళ్ల రెండూ సరిగ్గా గొంతుకు అడ్డం పడే పరిమాణంలోనే ఉంటాయి. వేడుక మానక్కర్లేదు. చిన్నవాడికి పోసేటప్పుడు నాణేల బదులు పూలరేకులు ఎక్కువ కలిపి, హారతి కాగానే నేల ఊడ్చేయాలి.

అడవి అంచున ఉన్న ఊరు కాబట్టి అడవి రుచి ఒకటైనా పిల్లల నాలుకకు తెలియాలి. ఇప్పపువ్వు అనగానే సారా గుర్తొచ్చి నవ్వేవాళ్లున్నారు. ఆ పువ్వులో సహజంగా ఉండే తీపి వల్లే అది పులుస్తుంది. పులియబెట్టకుండా ఎండబెట్టి దాచుకుంటే తిండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలే పూలను కోయ కుటుంబాలు చెట్టుకింద ఏరి ఎండబెడతాయి. జనవరిలో దొరికేవి ఆ ఎండుపూలే. లోపలి కేసరాలు తీసేసి, కడిగి ఆరబెట్టి, కాస్త వేయించి, నువ్వులతో బెల్లంతో దంచితే లడ్డూ అవుతుంది. కేసరాలు తీయడానికి ఏడేళ్ల వేళ్లు భేషుగ్గా పనికొస్తాయి. ఇలాంటి ఇంటి వంటే బతుకుదెరువైన ఉదాహరణ కూడా ఊళ్లోనే ఉంది. భద్రాచలం మహిళలు ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేసి అమ్ముతున్న సంగతిని 2025 జూన్‌లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు.

ఇక తిరుగుళ్లు. రోజుకు ఒక్కచోటు, అంతకు మించి వద్దు. గుడి, మ్యూజియం, డ్యాము అన్నీ ఒకే రోజు పెట్టుకుంటే మధ్యాహ్నానికి పిల్లలు ఏడుపు మొదలుపెడతారు, పెద్దవాళ్లు కసురుకోవడం మొదలుపెడతారు.

మొదటిరోజు గోదావరి కరకట్ట మీద నడక చాలు. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారని చెప్పి, 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71 అడుగులు దాటి వచ్చాయంటే ఏడేళ్ల పిల్ల తప్పకుండా “మనిల్లు మునిగిందా?” అని అడుగుతుంది. ఆ ప్రశ్న వచ్చాక కథ దానంతటదే నడుస్తుంది. సంక్రాంతి నాటికి నది సన్నబడి ఇసుక తిన్నెలు తేలతాయి. ఇసుకలో ఆడనివ్వవచ్చు, నీళ్లలోకి మాత్రం దింపవద్దు. పైకి మోకాలిలోతు కనబడే చోట ఇసుక తవ్విన గుంత ఉండొచ్చు. గాలిపటాలు కూడా ఇక్కడే, కరెంటు తీగలకు దూరంగా. దారం నూలుదే కొనాలి. మెడలు, పక్షుల రెక్కలు కోస్తున్న నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా అడిగితే చాటుగా తీసిచ్చే దుకాణాలుంటాయి.

రెండో చోటు పర్ణశాల, దుమ్ముగూడెం మండలంలో, సుమారు 35 కిలోమీటర్లు. పిల్లలకు గుడి కంటే సీతవాగు నచ్చుతుంది. అక్కడి రంగురాళ్లను చూపించి సీతమ్మ పసుపుకుంకుమలని, నారచీరలు ఆరేసిన గుర్తులని ఊరివాళ్లు చెబుతారు. ఎవరికి ఎన్ని రంగులు కనబడ్డాయో చెప్పమంటే గంట ఇట్టే గడుస్తుంది. రాళ్లు జేబులో వేసుకోవద్దని ముందే చెప్పాలి.

కిన్నెరసాని మూడోది, పాల్వంచ దగ్గర. కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్లిచ్చే జలాశయం అది, చుట్టూ అభయారణ్యం. జింకల పార్కు చూడటమే ప్రధానం. జలాశయంలో మొసళ్లున్నాయి, అందుకని గట్టు దిగడం లేదు. పడవ ఎక్కితే చిన్నవాడితో సహా అందరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, పిల్లల కొలతది లేదంటే ఎక్కకపోవడమే. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు.

ఊళ్లోనే ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఆవరణలోని గిరిజన మ్యూజియం ఎండెక్కువైన రోజుకో, కాళ్లనొప్పుల రోజుకో ఉంచుకోవచ్చు.

కిన్నెరసాని అభయారణ్యంలో పొయ్యి వెలిగించే ఆలోచన వద్దు. పులిహోర, పెరుగన్నం స్టీలు క్యారేజీలో సర్దుకోవాలి. ప్లాస్టిక్ కవరు చేతిలో కనబడితే కోతులు ఊరుకోవు. విస్తళ్లు మాత్రం ముందురోజు ఇంట్లోనే పిల్లల చేత కుట్టించు: మోదుగాకులు తడిగుడ్డతో తుడిచేది చిన్నవాళ్లు, సన్నని పుల్లలతో కుట్టేది పెద్దపిల్లలు. కుట్టు ఊడి పులిహోర ఒళ్లో పడినా వాళ్లు నవ్వుకుంటారు. సంక్రాంతి రోజుల్లో ఆరు కొట్టకముందే పొద్దుగూకుతుంది, అడవి రోడ్డు మీద నాలుగున్నరకల్లా తిరుగు ప్రయాణం పట్టాలి.

బియ్యం భోగికి నాలుగు రోజుల ముందు నానబెట్టు. పండగ దగ్గరపడేకొద్దీ మర దగ్గర వరుస పెరుగుతుంది, తడిపిండి ఎక్కువసేపు నిలవుంటే పులుస్తుంది. అరిసెల చెక్కలు నీ దగ్గర లేవన్నావు కదా, పెద్దమ్మ ఇంట్లోవి ఖమ్మం బస్సులో వచ్చే ఎవరి చేతనైనా పంపిస్తుంది. అందగానే ఫోన్ చెయ్యి.

ఇట్లు,
పెద్దమ్మ