తలసీమియా రోగులకు ఇనుమును వెడలించు మందులు: దుష్ఫలితములు, జాగ్రత్తలు

పాలిపోయిన బిడ్డను చూచి, ఇనుము చాలలేదు కాబోలునని తలచుట గ్రామములందు పరిపాటి. పెక్కుమంది విషయమున అది నిజమే. కాని తలసీమియా వ్యాధి తీవ్రముగానున్న బిడ్డల సంగతి ఇందుకు విరుద్ధము. వారి శరీరమున ఇనుము మితిమీరి చేరును. ఈ భేదమును పంచాయతీ సభ్యులు గుర్తించుట అవసరము.

తలసీమియా అంటువ్యాధి కాదు, వంశానుగతముగా వచ్చునది. తల్లిదండ్రులిరువురును ఆ లక్షణము గలవారైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు తీవ్రవ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. అట్టి బిడ్డ శరీరము చాలినంత హెమోగ్లోబినును తయారు చేసికొనలేదు. కనుక 2 నుండి 5 వారములకొకసారి రక్తమెక్కింపవలెను. ఒక యూనిట్ రక్తములో సుమారు 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉండును. శరీరము దినమునకు విడువగలిగినది సుమారు 1 మిల్లీగ్రాము మాత్రమే. మిగిలినదంతయు గుండెలోను, కాలేయములోను, గ్రంథులలోను పేరుకొని, కొన్ని సంవత్సరములలో వానిని చెఱచును. అందువలననే 10 నుండి 20 పర్యాయములు రక్తమెక్కించిన పిమ్మట వైద్యులు ఇనుమును వెడలించు మందును ప్రారంభింతురు.

మూడు మందులు

డెఫెరాక్సమిన్ 1960 దశకము నుండి వాడుకలోనున్నది. చిన్న పంపు సహాయముతో చర్మము క్రిందికి 8 నుండి 12 గంటలసేపు, వారమునకు 5 మొదలు 7 రాత్రులు ఎక్కింపవలెను. సూది గ్రుచ్చిన చోట వాపు, నొప్పి కలుగును. మోతాదు హెచ్చినచో వినికిడి తగ్గుట, చూపు మందగించుట, పిల్లల ఎదుగుదల కుంటుపడుట సంభవింపవచ్చును.

డెఫెరిప్రోన్ సాధారణముగా దినమునకు మూడుసార్లు మ్రింగు మాత్ర. వాంతి, కడుపునొప్పి, కీళ్ళనొప్పులు కలుగవచ్చును. అరుదుగా తెల్ల రక్తకణములు ప్రమాదకరముగా తగ్గిపోవును. అప్పుడు స్వల్పమైన జ్వరమైనను ప్రాణాంతకము కావచ్చును.

డెఫెరాసిరాక్స్ దినమునకొకసారి తీసికొను మందు. కడుపునొప్పి, విరేచనములు, చర్మముపై దద్దురులు కలుగవచ్చును. మూత్రపిండములకు, కాలేయమునకు హాని కలుగవచ్చును. మలము నల్లగా వచ్చినచో జీర్ణాశయమున రక్తస్రావమేమోయని అనుమానింపవలెను.

రెండు పొరపాట్లు

మొదటిది, భయపడి మందు మానుట. డెఫెరాక్సమిన్, డెఫెరిప్రోన్ వాడునపుడు మూత్రము ఎఱ్ఱనై రావచ్చును. అది ఇనుము బయటికి పోవుచున్నదనుటకు గుర్తు. రక్తము పోవుచున్నదని భ్రమించి మందు మానిపించిన, బిడ్డకు వెంటనే ఏ బాధయు కనబడదు; లోలోపల గుండె చెడుచుండును. ఈ మందులు లేని రోజులలో పెక్కుమంది రోగులు గుండె చెడి చిన్న వయస్సుననే మరణించెడివారు.

రెండవది, జ్వరమును ఉపేక్షించుట. డెఫెరిప్రోన్ వాడువారికి జ్వరముగాని, గొంతునొప్పిగాని వచ్చినచో ఆ మందును ఆపి, అదే దినమున ఆసుపత్రిలో రక్తకణముల లెక్క చూపింపవలెను. డెఫెరాక్సమిన్ వాడువారికి జ్వరముతో కడుపునొప్పి వచ్చినను ఇట్లే చేయవలెను. డెఫెరాసిరాక్స్ వాడువారికి వాంతులు, విరేచనములు హెచ్చినచో శరీరమున నీరు తగ్గి మూత్రపిండములు దెబ్బతినవచ్చును గనుక, ఆలస్యము చేయక వైద్యుని సంప్రదింపవలెను.

ఈ దుష్ఫలితములలో పెక్కు సకాలమున పరీక్ష చేసినచో ముందే తెలియును. మోతాదు మార్చిగాని, మందు మార్చిగాని సరిచేయవచ్చును. డెఫెరిప్రోనుకు ప్రారంభమున వారము వారము రక్తకణముల లెక్క, డెఫెరాసిరాక్సుకు నెలనెల మూత్రపిండముల, కాలేయముల పరీక్షలు అవసరము. డెఫెరాక్సమిన్ వాడువారికి ఏటేట కన్ను, చెవి పరీక్షింపవలెను. నిలువ ఇనుమును తెలుపు ఫెరిటిన్ పరీక్షను మూడు నెలలకొకసారి చేయుట మంచిది.

పంచాయతీ చేయదగిన పనులు

1. గ్రామమున ఇట్టి రోగులు ఎవరైన నున్నచో ఆశా కార్యకర్తతో మాట్లాడి, పరీక్షల తేదీలు తప్పకుండునట్లు చూడవలెను.

2. పాఠశాలలందును, అంగన్‌వాడీలందును ఇచ్చు ఇనుపమాత్రలు ఈ బిడ్డలకు ఇయ్యరాదని ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు తెలియజేయవలెను.

3. జ్వరము వచ్చిన రాత్రి వాహనమునకై కుటుంబము వెదకుకొనవలసిన అవస్థ లేకుండ ముందే ఏర్పాటు చేయవలెను.

4. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమున తలసీమియా చేర్చబడినది. ధ్రువపత్రమునకై దరఖాస్తు చేయుటలో కుటుంబమునకు తోడ్పడవలెను.

5. రక్తదానమునకు యువకులను ప్రోత్సహింపవలెను. వివాహమునకు ముందుగాని, గర్భారంభముననేగాని రక్తపరీక్ష చేయించుకొనుమని దంపతులకు చెప్పవలెను.

మందు మానుటయో, మార్చుటయో నిర్ణయింపవలసినది వైద్యుడు. ఆ వైద్యుని యొద్దకు బిడ్డ సకాలమున చేరునట్లు చూచుట గ్రామము బాధ్యత.