అమ్మ కారు దిగనంది

సమస్య

మాది పాలమూరు. ఉద్యోగాల వల్ల విశాఖపట్నంలో స్థిరపడ్డాం. అమ్మకు 66 ఏళ్లు, ఊళ్లోనే ఉంటుంది. బీపీ, షుగర్ మాత్రలు వాడుతుంది. మోకాళ్ల నొప్పులున్నాయి. నిరుడు వచ్చినప్పుడు కారులో అరకు తీసుకెళ్లాం. మా ఆయన డ్రైవింగ్. నేను, పాప, మా ఆడబిడ్డ, ఆవిడ పిల్లలు, అమ్మ కలిసి కారు నిండిపోయింది. ఘాట్ రోడ్డులో అమ్మకు వాంతులయ్యాయి. బొర్రా గుహల దగ్గర మెట్లు చూసి, "నేనెక్కడ దిగుత బిడ్డా, మీరు పోయిరాండ్రి" అని కార్లోనే కూర్చుంది. చాపరాయి దగ్గరా అంతే. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా సరిగ్గా తాగలేదు. ఇంటికొచ్చాక రెండు రోజులు నీరసంగా పడుకుంది.

ఇప్పుడు మళ్లీ వచ్చింది. ఈసారైనా అరకు సరిగ్గా చూపించాలని నా ఆశ. "ఆ గుట్టలల్ల ఏమున్నది, నాకొద్దు" అంటోంది. అదే మనిషి ఏటా ఊరి ఆడవాళ్లతో కలిసి ఆర్టీసీ బస్సులో శ్రీశైలం పోయొస్తుంది! మా ఆయనేమో, "వద్దన్న మనిషిని ఎందుకు సతాయిస్తావు? సింహాచలం తీసుకెళ్దాం" అంటున్నారు. ఆయనకు మా అమ్మ గురించి పట్టింపు లేదనిపించి నేను మాటలు తగ్గించేశాను. రేపు అమ్మ కదల్లేని స్థితికి వస్తే, ఏమీ చూపించలేదన్న బాధ నాకే మిగులుతుంది కదా. ఏం చేయమంటారు?

– ఒక కూతురు, విశాఖపట్నం

సలహా

మీ ఉత్తరంలో నన్ను ఆపింది శ్రీశైలం. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లే ఆ దారి, డ్యామ్ దగ్గర కృష్ణ లోయలోకి దిగే ఆ మలుపులు అరకు ఘాట్‌కు తీసిపోయేవి కావు. ఏటా అక్కడికి వెళ్లొచ్చే మనిషికి గుట్టలంటే భయం ఎందుకుంటుంది? ఆమె వద్దంటున్నది అరకును కాదని, నిరుటి ప్రయాణాన్నని నాకనిపిస్తోంది.

బస్సులో కిటికీ తెరిచి ఉంటుంది, ముఖానికి గాలి తగులుతుంది. చుట్టూ తన ఈడు ఆడవాళ్లు. ఎవరికైనా అవసరమైతే నలుగురూ కలిసి కండక్టర్‌ను కేకేస్తారు, బస్సు ఆగుతుంది. మీ కారులో అద్దాలు బిగించి ఏసీ వేసి ఉంటారు. ఆమెను పిల్లల మధ్య వెనక సీట్లో ఇరికించి ఉంటారు. వాంతికి ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. పైగా బండి నడుపుతున్నది అల్లుడు, పక్కన అల్లుడి తోబుట్టువు. "అయ్యా, కాస్త బండి ఆపు, పక్కకు పోయొస్త" అని మీ అమ్మ తరం ఆడమనిషి అల్లుడితో అంటుందా? ప్రాణం పోయినా అనదు. అనలేదు గనకే నీళ్లు మానేసింది. ప్రయాణాల్లో మన ఆడవాళ్లలో చాలామంది చేసే పనే ఇది. షుగర్ మనిషి నీళ్లు తాగకుండా, వాంతి భయంతో తిండి తగ్గించి మాత్ర మాత్రం వేసుకుంటే ఒంట్లో చక్కెర పడిపోవచ్చు. ఆ రెండు రోజుల నీరసానికి అదీ ఒక కారణమై ఉండొచ్చు. డాక్టరుకు ఈ సంగతి చెప్పండి. వాంతుల మాత్ర కావాలన్నా ఆయన్నే అడగండి, బీపీ మాత్రలతో పాటు ఏది పడితే అది వేయకండి.

కాబట్టి ఈసారి రైలు. ఉదయం బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కండి. మీరిద్దరే వెళ్లండి. పాపను ఆ రోజుకు వాళ్ల నాన్న చూసుకుంటారు. రైల్లో బాత్రూమ్ ఉంటుంది, ఎవరినీ ఆపమని అడగక్కర్లేదు. నాకైతే ఇదొక్కటి చాలు రైలును ఎంచుకోవడానికి. ఘాట్ రోడ్డులోలా అటూ ఇటూ విసిరేయడమూ ఉండదు. అద్దాల విస్టాడోమ్ పెట్టె గురించి అందరూ ఊరిస్తారు. మీ అమ్మకు నేనది చెప్పను. ఏసీ పెట్టె, కిటికీలు తెరుచుకోవు. మామూలు రిజర్వేషన్ పెట్టెలో, వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దొరికేలా చూడండి. శని, ఆదివారాలు వద్దు, చలికాలంలో ఆ రద్దీలో నిలబడే చోటు కూడా కష్టమే. ఎక్కేముందు రెండు ఇడ్లీలైనా తినిపించండి, ఖాళీ కడుపు వాంతికి మందు కాదు.

బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసం 1960లలో వేసిన లైను ఇది. ఆ గనుల పుణ్యమా అని మనకీ షికారు దక్కింది. శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కడం మొదలవుతుంది. టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ. అరకు చేరేలోగా చాలా సొరంగాలొస్తాయి, పక్క సీట్లో పిల్లలుంటే ప్రతి సొరంగంలోనూ కేకలు గ్యారంటీ. బొర్రాలో దిగకండి. ఆ మెట్లు మోకాళ్ల నొప్పులున్నవారికి శిక్ష, దిగినన్నీ మళ్లీ ఎక్కాలి. అమ్మ లేకుండా మీరు ఇంకెప్పుడైనా చూడొచ్చు.

అరకులో ఆటో మాట్లాడుకుని గిరిజన మ్యూజియం చూపించండి, చాలు. పద్మాపురం తోట, చాపరాయి, కాఫీ మ్యూజియం అంటూ జాబితా పట్టుకుని తిరగకండి. ఎటూ వ్యవసాయం తెలిసిన ఊరి మనిషి. రోడ్డు పక్కన సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగ, వాటి నీడన కాఫీ మొక్కలు కనిపిస్తే ఆటో ఆపించండి. నవంబరు, డిసెంబరు అయితే వలిసె చేలు పసుపుపచ్చగా పూసి ఉంటాయి. వాటి గింజలతో నూనె తీస్తారని చెబితే ఎకరాకు ఎంతొస్తుందని ఆమే అడుగుతుంది. ఫోన్‌లో ఫొటోలు తీయాలన్న తొందరలో ఆ మాట వదిలేయకండి. ఆటో డబ్బులు ఆమె ఇస్తానంటే ఇవ్వనివ్వండి. ఎత్తు 900 మీటర్ల చిల్లరే, ఊపిరి అందదన్న భయం లేదు. చలి మాత్రం పొద్దు వాలకముందే దిగుతుంది, శాలువా ఉంచుకోండి.

తిరుగు బండి చాలా దూరం నుంచి వస్తుంది, ఆలస్యం కావచ్చు. స్టేషన్లో కూర్చునే ఓపిక ఆమెకు లేకపోతే టాక్సీ మాట్లాడుకోండి. ముందు సీట్లో ఆమెను కూర్చోబెట్టి, అద్దం దింపి, మెల్లగా పొమ్మని డ్రైవరుకు మీరే చెప్పండి.

అయితే టికెట్లు కొన్నాక చెప్పకండి. "అరకు వస్తావా" అని కూడా అడగకండి, ఆ ప్రశ్నకు నిరుటి జవాబే వస్తుంది. "అమ్మా, మనిద్దరమే, రైల్లో, ఎక్కడా మెట్లు లేవు" అని విషయం మొత్తం చెప్పి అడగండి. అప్పటికీ వద్దంటే వదిలేయండి. కొండ చూపించాలన్న కోరిక మీది, ఆమె మిమ్మల్ని అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇక మీ ఆయన సంగతి. ఆయన చెప్పింది పట్టింపు లేనివాడి మాటలా నాకు వినిపించలేదు. వద్దన్న మాటను మీ ఇంట్లో విన్నది ఆయనొక్కరే. సింహాచలమూ కొండే, బస్సు పైదాకా వెళ్తుంది. అప్పన్న దర్శనానికి మీ అమ్మ రానంటుందని నేననుకోను. ముందు ఆ సలహా ఇచ్చిన మనిషితో మాట్లాడండి. అరకైనా, సింహాచలమైనా, ఆ రోజు పాపను చూసుకోమని అడగాల్సింది ఆయన్నే కదా.