పాత పికప్ ట్రక్కు బాడీకి ఆధునిక కారు చట్రం: ఫోర్డ్ ఎఫ్-100 ఉదాహరణగా సాంకేతిక పరిశీలన

సారాంశం

పాతకాలపు పికప్ ట్రక్కు బాడీని ఆధునిక కారు చట్రంపై అమర్చే పద్ధతి అమెరికాలో విస్తృతంగా ఆచరణలో ఉంది. ఇందువల్ల ప్రయాణ సౌఖ్యం, బ్రేకుల సామర్థ్యం పెరుగుతాయి. అయితే చట్రం ఆకృతి, బరువు పంపిణీ, ఇంధన ట్యాంకు స్థానం అనే మూడు అంశాలను విస్మరిస్తే వాహనం ప్రమాదకరంగా మారుతుంది. 1967-72 ఫోర్డ్ ఎఫ్-100 బాడీని ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా కారు చట్రంపై అమర్చడాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

పికప్ ట్రక్కు పుట్టుకకు, వ్యవసాయానికి విడదీయరాని సంబంధం ఉంది. అమెరికా రైతులు తొలినాళ్లలో కారు వెనుక భాగాన్ని తొలగించి, ఆ స్థానంలో చెక్క తొట్టి బిగించుకొని ధాన్యం, పాల క్యాన్లు, పశుగ్రాసం తరలించేవారు. ఈ అవసరాన్ని గుర్తించిన ఫోర్డ్ సంస్థ 1925లో మోడల్ టి కారు ఆధారంగా కర్మాగారంలోనే తయారైన పికప్‌ను 281 డాలర్ల ధరకు విడుదల చేసింది. అనగా ఒక చట్రంపై మరొక బాడీ అమర్చడం ఈ వాహన చరిత్రలో కొత్త విషయం కాదు. తరువాతి కాలంలో పికప్‌లకు బరువులు మోయగల ప్రత్యేక చట్రాలు వచ్చాయి. నేడు పొలాల్లో మూలపడిన పాత ట్రక్కుల బాడీలు దృఢంగానే ఉన్నా, వాటి సస్పెన్షన్, స్టీరింగు, డ్రమ్ బ్రేకులు నేటి రహదారి వేగాలకు సరిపోవడం లేదు. అందువల్లనే చట్రం మార్పిడి ప్రాచుర్యం పొందింది.

చట్రం ఎంపిక

నేటి కార్లలో అధిక భాగానికి విడి చట్రం ఉండదు. వాటి బాడీయే భారాన్ని మోస్తుంది. అటువంటి కారు బాడీని తొలగిస్తే మిగిలేది చట్రం కాదు. కాబట్టి విడి చట్రంపై బాడీ బిగించిన కారును మాత్రమే ఎంచుకోవాలి. 2011లో ఉత్పత్తి ముగిసిన క్రౌన్ విక్టోరియా ఈ తరగతికి చెందినది. పోలీసు, టాక్సీ సేవల నుండి తొలగించిన కార్లు విరివిగా లభించడం దీని ప్రాచుర్యానికి ఒక కారణం.

రెండు వాహనాల ముఖ్య లక్షణాలు:

• ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం: ఎఫ్-100 పొట్టి తొట్టి రకంలో 115 అంగుళాలు (2,921 మి.మీ.), క్రౌన్ విక్టోరియాలో 114.7 అంగుళాలు (2,913 మి.మీ.).
• ముందు సస్పెన్షన్: ఎఫ్-100లో రెండు ఐ-ఆకారపు దూలాలు, చుట్ట స్ప్రింగులు. 2003 తరువాతి క్రౌన్ విక్టోరియాలో అల్యూమినియం అడ్డదూలంపై అమర్చిన స్వతంత్ర సస్పెన్షన్, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగు.
• వెనుక సస్పెన్షన్: ఎఫ్-100లో కమాను పట్టీలు. కారులో నాలుగు లింకులు, చుట్ట స్ప్రింగులు. 1998 నుండి వీటికి తోడు వాట్స్ లింకేజీ.
• బ్రేకులు: ఎఫ్-100లో నాలుగు చక్రాలకు డ్రమ్ములు. కారులో నాలుగు చక్రాలకు డిస్కులు.

ఇరుసుల మధ్య దూరంలో తేడా కేవలం 8 మి.మీ. కావడంతో ఈ రెండూ సులభంగా కలుస్తాయన్న అభిప్రాయం కలుగుతుంది. అసలు సమస్య చట్రం ఆకృతిలో ఉంది. ట్రక్కు చట్రం నిచ్చెన వలె సన్నగా, దాదాపు తిన్నగా ఉంటుంది. క్యాబిన్, తొట్టి దాని పైన కూర్చుంటాయి. కారు చట్రం ప్రయాణికుల పాదాల చోటును చుట్టుకొని బయటికి విస్తరిస్తుంది. కారు నేల ఆ చుట్టు నడుమ కిందికి దిగి ఉంటుంది. వెనుక ఇరుసు వద్ద చట్రం ఎత్తుగా వంగి లేస్తుంది. ఫలితంగా ట్రక్కు క్యాబిన్ బిగింపు రంధ్రాలేవీ కారు చట్రంతో సరిపోవు. తొట్టి నేలను పైకి లేపవలసి వస్తుంది. తొట్టి లోతు ఆ మేరకు తగ్గుతుంది. కారు చక్రాలు ట్రక్కు మడ్‌గార్డుల అంచులకు చేరువగా వస్తాయి.

బాడీ మార్పిడి క్రమం

1. క్యాబిన్‌ను ఎత్తడానికి ముందే తలుపుల చట్రాలకు లోపలి నుండి ఇనుప గొట్టాలతో తాత్కాలిక ఆధారం వెల్డింగ్ చేయాలి. ఇది లేనప్పుడు తుప్పు పట్టిన క్యాబిన్ వంగిపోయి, తలుపులు తిరిగి సరిగా మూసుకోవు.
2. కారు చట్రాన్ని సమతలమైన నేలపై నిలిపి, మూల నుండి మూలకు కర్ణాలు కొలవాలి. రెండు కర్ణాలు సమానంగా లేకపోతే ఆ చట్రం ప్రమాదంలో వంగినదిగా భావించి తిరస్కరించాలి.
3. ముందు మడ్‌గార్డులోని చక్రపు ఖాళీకి మధ్య బిందువును గుర్తించి, ముందు ఇరుసు కేంద్రంతో కలపాలి. తక్కిన కొలతలన్నింటినీ ఈ బిందువు నుండే తీసుకోవాలి.
4. క్యాబిన్‌ను దిమ్మెలపై తాత్కాలికంగా నిలిపి, కొత్త బిగింపు ఆధారాలను తయారు చేయాలి. క్యాబిన్‌కు, చట్రానికి మధ్య రబ్బరు దిండ్లు తప్పనిసరి. నేరుగా బిగిస్తే చట్రం మెలి తిరిగిన ప్రతిసారీ ఆ ఒత్తిడి క్యాబిన్ రేకుకు చేరి పగుళ్లు ఏర్పడతాయి.
5. స్టీరింగు కడ్డీని సార్వత్రిక కీళ్లతో కలపాలి. రెండు కీళ్లు వాడినప్పుడు వాటి కోణాలు, దిశలు పరస్పరం సరిపోవాలి. లేకపోతే చక్రం తిప్పేటప్పుడు పట్టు ఒకసారి బిగువుగా, మరొకసారి వదులుగా ఉంటుంది. ఢీకొన్నప్పుడు కుదించుకుపోయే భాగాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తొలగించరాదు.
6. ఇంజన్‌ను కూడా కారు నుండే తీసుకుంటే, దాని కంప్యూటర్, వైర్ల కట్ట, తాళంచెవి వ్యవస్థలను కలిపి తరలించాలి.

బరువు పంపిణీ

వ్యవసాయ వినియోగం దృష్ట్యా ఇది అత్యంత కీలకమైన అంశం. కారు మోసే బరువులో ఎక్కువ భాగం ఇరుసుల మధ్య కూర్చునే ప్రయాణికులది. పికప్ తొట్టిలోని బరువు వెనుక ఇరుసు పరిసరాల్లో పడుతుంది.

ఉదాహరణకు 400 కిలోల ఎరువు బస్తాలను తొట్టిలో వేసినట్లు భావిద్దాం. బస్తాల గరిమనాభి వెనుక ఇరుసుకు 300 మి.మీ. ముందు ఉంటే, వెనుక ఇరుసుపై 359 కిలోలు, ముందు ఇరుసుపై 41 కిలోలు పడతాయి. అవే బస్తాలను వెనుకకు జరిపి, గరిమనాభి ఇరుసుకు 300 మి.మీ. వెనుక ఉండేలా వేస్తే, వెనుక ఇరుసుపై 441 కిలోలు పడతాయి. ముందు ఇరుసు నుండి 41 కిలోలు తగ్గుతాయి. అనగా వేసిన బరువు కంటే ఎక్కువ భారం వెనుక ఇరుసుపై పడి, స్టీరింగు చక్రాలు తేలికవుతాయి. మలుపుల్లో, తడి రోడ్డుపై ఇది ప్రమాదకరం.

కారు చుట్ట స్ప్రింగులు ఈ భారానికి రూపొందించినవి కావు. బలమైన స్ప్రింగులు వేసినంత మాత్రాన ఇరుసు, టైర్లు, బ్రేకుల సామర్థ్యం పెరగదు. కాబట్టి చట్రం మార్చిన వాహనాన్ని పాత ట్రక్కు స్థాయి బరువులకు వాడరాదు.

బ్రేకులు, ఇంధన ట్యాంకు

కారు బ్రేకులు కారు బరువు పంపిణీకి అనుగుణంగా అమర్చినవి. ఖాళీ తొట్టి ఉన్న పికప్ వెనుక భాగం తేలికగా ఉండటం వల్ల, గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొని వాహనం పక్కకు తిరగవచ్చు. ఖాళీగా, బరువుతో వేర్వేరుగా పరీక్షించి బ్రేకు ఒత్తిడిని సరిచేయాలి.

ఎఫ్-100లో ఇంధన ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనుక ఉండేది. క్రౌన్ విక్టోరియాలో అది వెనుక ఇరుసుకు వెనుక ఉంది. ఈ కారు పోలీసు రకాన్ని ఇతర వాహనాలు అతివేగంగా వెనుక నుండి ఢీకొన్న కొన్ని సంఘటనల్లో మంటలు చెలరేగడం వివాదమై, తరువాత తయారీదారు రక్షణ కవచాలను అందించవలసి వచ్చింది. పై రెండు స్థానాలనూ విడిచి, చట్రపు పక్క దూలాల మధ్య, వీలైతే వెనుక ఇరుసుకు ముందు, కవచంతో ట్యాంకును అమర్చడం మేలు.

ప్రత్యామ్నాయ పద్ధతి

పూర్తి చట్రాన్ని మార్చకుండా, 2003 తరువాతి క్రౌన్ విక్టోరియా ముందు అడ్డదూలాన్ని స్టీరింగు, డిస్క్ బ్రేకులతో సహా విప్పి, ఎఫ్-100 సొంత చట్రానికి అమర్చే పద్ధతి అమెరికాలో ఎక్కువ ఆదరణ పొందింది. ఇందులో క్యాబిన్, తొట్టి బిగింపులు యథాతథంగా ఉంటాయి. వెనుక కమాను పట్టీలు నిలిచి ఉంటాయి కనుక బరువు మోసే గుణం చాలావరకు దక్కుతుంది. పని వాహనంగా వాడదలచినవారికి ఇదే అనుకూలం.

భారతదేశంలో చట్టపరమైన స్థితి

ఈ ప్రయోగాన్ని మన దేశంలో అనుకరించడానికి చట్టం అనుమతించదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన మూల వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. ఈ నిబంధనను 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. 2019 సవరణ ప్రకారం ఉల్లంఘించిన యజమానికి 6 నెలల వరకు జైలు శిక్ష, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2021 నాటి నిబంధనల ప్రకారం 50 సంవత్సరాలు దాటిన వాహనాలను వింటేజ్ తరగతిలో నమోదు చేసుకోవచ్చు. అయితే వాటి చట్రం, బాడీ, ఇంజన్‌లలో గణనీయమైన మార్పులు జరిగి ఉండకూడదు. అనగా చట్రం మార్చిన మరుక్షణమే ఆ అర్హత పోతుంది. పాత జీపు లేదా పికప్ ఉన్న రైతులు దానిని మూల రూపంలోనే మరమ్మతు చేయించుకోవడం శ్రేయస్కరం.

ముగింపు

ఇరుసుల మధ్య దూరం సరిపోవడం ఒక్కటే చట్రం మార్పిడికి ప్రమాణం కాదు. చట్రం ఏ బరువును, ఏ స్థానంలో మోయడానికి రూపొందిందో ముందుగా నిర్ధారించుకోవాలి. విహారానికి, ప్రదర్శనకు వాడే వాహనానికి కారు చట్రం సౌఖ్యాన్నిస్తుంది. ధాన్యం, ఎరువులు మోసే వాహనానికి ట్రక్కు చట్రమే తగినది.