గస లేని రోజున కూడా ఇన్‌హేలర్!

“పంపుకు అలవాటు పడిపోతావు, వద్దు.”

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఊరేదైనా ఇన్‌హేలర్ ఇంట్లోకి రాగానే వినపడే మొదటి మాట ఇదే. అవ్వ అంటుంది. పక్కింటి పిన్ని అంటుంది. ఒక్కోసారి మెడికల్ షాపులో కౌంటర్ అవతలి అన్న కూడా అంటాడు.

నిజం చెప్పండి, ఆ మాట మీకూ నచ్చుతుంది కదా? మీరు టీనేజర్. క్లాసులో అందరి ముందూ బ్యాగులోంచి పంపు తీయాలంటే నామోషీ. కాస్త తగ్గగానే అల్మారాలో పడేస్తారు. మళ్లీ గస పట్టుకున్న రాత్రి ఇల్లంతా వెతుకుతారు.

ఈ అలవాటు మార్చేద్దాం. మీవల్ల అవుతుంది. కావాల్సినవి రెండే: కొంచెం సమాచారం, మీ టూత్‌బ్రష్.

ముందు మీ లెవెల్ తేల్చుకోండి

“నాకు ఆస్తమా ఉంది” అంటే సగం సమాచారమే. ఎప్పుడో జలుబు చేసినప్పుడు వచ్చి పోయేది వేరు. వదలకుండా వెంట ఉండేది వేరు. రెండోదాన్నే డాక్టర్లు పర్సిస్టెంట్ ఆస్తమా అంటారు. రోజూ వాడే మందు ఇంకా మొదలుపెట్టని వాళ్లకు డాక్టర్లు వేసే లెక్క దాదాపు ఇలా ఉంటుంది.

- మైల్డ్: వారంలో 2 రోజులకు మించి దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. కానీ రోజూ ఉండవు. రాత్రి నిద్ర చెడేది నెలకు 3, 4 సార్లు.
- మోడరేట్: రోజూ ఏదో ఒక పూట ఇబ్బంది. వారంలో ఒకటి కంటే ఎక్కువ రాత్రులు మెలకువ. స్పైరోమెట్రీలో, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్షలో, ఊపిరి బలం ఉండాల్సిన దానిలో 60 నుంచి 80 శాతం మధ్య.
- సివియర్: పొద్దస్తమానం ఆయాసం. రాత్రి కూడా తరచుగా అంతే. ఊదే పరీక్షలో 60 శాతం లోపు.

“నాది మైల్డే” అని చేతులు దులుపుకోకండి. మైల్డ్ ఉన్నవాళ్లకూ ఒక్కోసారి ప్రాణం మీదికి వచ్చే అటాక్ వస్తుంది. పైగా టీనేజ్‌లో ఒక తమాషా ఉంది. ఒంటికి ఆయాసం అలవాటైపోతుంది. మెట్లు మెల్లగా ఎక్కుతారు, ఆటలో గోల్‌కీపర్‌గా నిలబడతారు, “నాకేం, బాగానే ఉన్నా” అంటారు. 2022లో వెలువడిన గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ భారత అధ్యయనం ప్రకారం మన దేశంలో పిల్లికూతల లక్షణాలున్నవాళ్లలో 82 శాతం మందికి అది ఆస్తమా అని ఏ డాక్టరూ చెప్పనే లేదు.

మందు మొదలుపెట్టాక లెవెల్ కంటే కంట్రోల్ ముఖ్యం. దానికి ‘జీనా’ అనే అంతర్జాతీయ నిపుణుల సంస్థ అడిగే ప్రశ్నలు నాలుగే. ఒక నోట్‌బుక్ పేజీలో రాసుకోండి. గడిచిన 4 వారాల్లో...

1. పగటి పూట లక్షణాలు వారానికి రెండుసార్లకు మించి వచ్చాయా?
2. ఆస్తమా వల్ల ఒక్క రాత్రయినా మెలకువ వచ్చిందా?
3. వెంటనే ఉపశమనం ఇచ్చే రిలీవర్ వారానికి రెండుసార్లకు మించి వాడారా?
4. ఆట, నడక, చదువు... ఏదైనా ఆస్తమా వల్ల ఆపుకున్నారా?

అన్నిటికీ ‘లేదు’ అంటే కంట్రోల్‌లో ఉన్నట్టు. ఒకటి రెండు ‘అవును’లుంటే సగం కంట్రోలే. మూడు, నాలుగు ఉంటే? ఈ వారమే డాక్టర్ దగ్గరికి.

మీ ఊరే చెప్పిన పాఠం

“మదనపల్లె గాలి మంచిదండీ, ఇక్కడ ఉబ్బసమేంటి?” అనేవాళ్లు చాలామంది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడి గాలి. అందుకే 1915లో ఇక్కడి ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం తెరిచారు. డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ మోలర్ దానికి మొదటి సూపరింటెండెంట్.

అక్కడికి వచ్చినవాళ్లలో కొందరు డాక్టర్లను తికమక పెట్టారు. దగ్గు ఉంది, పిల్లికూతలున్నాయి, ఎక్స్‌రేలో మచ్చలున్నాయి. చూడటానికి క్షయే. కానీ కఫంలో క్షయ క్రిమి దొరకదు. రక్తంలో మాత్రం ఈస్నోఫిల్ కణాలు విపరీతం. “ఇది క్షయ కాదు, వేరే రకం” అని 1940లో ఫ్రిమోడ్ మోలర్, బార్టన్ కలిసి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. తర్వాత దానికి ట్రాపికల్ ఈస్నోఫీలియా అని పేరొచ్చింది. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులకు శరీరం చూపే ప్రతిచర్య అని ఇంకా తర్వాత తేలింది. దాని మందు వేరు.

మన ఇళ్లలో ఏ దగ్గునైనా “ఈస్నోఫీలియా” అనేస్తాం చూడండి, ఆ మాట వెనక మదనపల్లె పరిశోధన ఉంది! వాళ్లు చేసింది ఒక్కటే: అన్నీ ఒకే గాటన కట్టకుండా, రకం విడదీసి చూశారు. మీరూ అదే చేయండి. ఈస్నోఫిల్ కౌంట్ ఇప్పటికీ డాక్టర్లకు పనికొచ్చే పరీక్షే. సివియర్ ఆస్తమాలో ఏ ఇంజెక్షన్ పనిచేస్తుందో చెప్పడానికి కూడా దాన్ని చూస్తారు.

మీది ఏ రకం?

*అలర్జీ రకం.* టీనేజ్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే. పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, ముక్కు దురద, చిన్నప్పుడు ఎగ్జిమా, అంటే దురదతో చర్మం ఎర్రబడటం... ఇవి ఉంటే అనుమానించండి. పరుపులోని దుమ్ము పురుగులు, బొద్దింకలు, బూజు మామూలు కారణాలు. మన వైపు ఇంకా కొన్ని ఉన్నాయి. రోడ్డు పక్కన తెల్ల పూలతో విరగబూసే వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి. దాని పుప్పొడి ముక్కునూ ఊపిరితిత్తులనూ రెండింటినీ రేపుతుంది. ఇక పట్టు. కుప్పం, మదనపల్లె చుట్టుపక్కల పట్టుపురుగుల పెంపకం చాలా ఇళ్లకు బతుకుతెరువు. పట్టు దుమ్ము, పట్టు చిలకల రెక్కల పొడి ఆస్తమా తెస్తాయని పట్టు పరిశ్రమలో పనిచేసేవాళ్లలో డాక్టర్లు గుర్తించారు. ఇంట్లో షెడ్డు ఉందా? షెడ్డు ఊడ్చే పని మీది కాకుండా చూసుకోండి, అమ్మతో మాట్లాడి పని మార్చుకోండి. మీరు ఆకు కోసుకురండి, ఊడ్చేది ఇంకొకరు చేస్తారు.

*పరుగు రకం.* ఆడేటప్పుడు కంటే ఆట ఆపిన 5, 10 నిమిషాలకు ఛాతీ బిగుస్తుంది. చలి గాలిలో మరీ ఎక్కువ. డిసెంబరు పొద్దున్నే మదనపల్లె గ్రౌండ్‌లో పరిగెత్తేవాళ్లకు ఇది బాగా తెలుసు. దీనికి ఆట మానేయడం మందు కాదు! పది, పదిహేను నిమిషాలు వార్మప్ చేయండి, ముక్కుకు మఫ్లర్ చుట్టండి, ఆటకు ముందు ఏ పఫ్ తీసుకోవాలో డాక్టర్‌ని అడగండి. బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్‌కు 14 ఏళ్లకే ఈ రకం ఆస్తమా అని చెప్పారు. 2003 లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేసింది ఆమే. మహిళల్లో ఆ ప్రపంచ రికార్డు 2019 దాకా చెక్కుచెదరలేదు.

*దగ్గు రకం.* పిల్లికూతలుండవు, ఆయాసం ఉండదు. రాత్రి, తెల్లవారుజామున పొడి దగ్గు. వారాలు గడుస్తాయి, సిరప్ సీసాలు మారతాయి, దగ్గు మారదు. సిరప్ ఆపి పరీక్ష చేయించుకోండి. వారాల తరబడి దగ్గు అంటే క్షయ పరీక్ష కూడా తప్పనిసరి.

*అమ్మాయిల సంగతి.* చిన్నప్పుడు ఆస్తమా అబ్బాయిల్లో ఎక్కువ. పెద్దమనిషి అయ్యాక లెక్క తిరగబడుతుంది, అమ్మాయిల్లో ఎక్కువవుతుంది. కొందరికి పీరియడ్స్‌కు ముందు రోజుల్లో ముదురుతుంది. క్యాలెండర్‌లో రెండు రంగులతో మార్క్ చేయండి, ఒకటి పీరియడ్స్‌కు, ఒకటి ఆయాసానికి. మూడు నెలల్లో మీకే కనిపిస్తుంది. సిగ్గుపడకుండా డాక్టర్‌కు చూపించండి.

*పొగ, బరువు.* కట్టెల పొయ్యి, దోమల చుట్ట, నాన్న బీడీ, కుప్పం వైపు గ్రానైట్ దుమ్ము... ఏ రకాన్నైనా ఇవి ముదిరిస్తాయి. ఒళ్లు పెరిగినా అంతే. మీరు దొంగచాటుగా సిగరెట్ మొదలుపెట్టి ఉంటే ఈ రోజే ఆపండి. వేప్ అయితే మరీ. దాని అమ్మకాన్ని దేశం 2019లోనే నిషేధించింది.

అసలు అలవాటు: బ్రష్ పక్కన ఇన్‌హేలర్

ఇన్‌హేలర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఆస్తాలిన్ లాంటి రిలీవర్ బిగుసుకున్న గొట్టాన్ని కాసేపు సడలిస్తుంది. కంట్రోలర్ లోపలి వాపును రోజు రోజుకూ తగ్గిస్తుంది. ఆయాసం లేని రోజున కూడా వాపు ఉంటుంది. అందుకే పర్సిస్టెంట్ ఆస్తమాలో మీరు బాగున్న రోజు వేసుకునే మందే అసలు మందు. 12 ఏళ్లు దాటినవాళ్లకు ఉత్త రిలీవర్ ఒక్కటే ఇవ్వొద్దని జీనా 2019లోనే చెప్పింది. ఏడాదికి 3 రిలీవర్ డబ్బాలు ఖాళీ చేస్తున్నారంటే పెద్ద అటాక్‌ను పిలుస్తున్నట్టే.

“కానీ కంట్రోలర్‌లో స్టెరాయిడ్ ఉంటుందట కదా?” ఉంటుంది. మైక్రోగ్రాముల్లో, నేరుగా ఊపిరితిత్తుల్లోకి. నోట్లో తెల్ల పూత, గొంతు బొంగురు రావచ్చు. ఎత్తు మీద కొద్దిపాటి ప్రభావం ఉండొచ్చు. అదుపు తప్పిన ఆస్తమా కూడా ఎదుగుదలను ఆపుతుంది, నిద్రను తింటుంది, అటాక్ వచ్చినప్పుడు స్టెరాయిడ్ మాత్రలు మింగిస్తుంది. లెక్క మీరే వేసుకోండి.

మందు మరచిపోతున్నారా? కంట్రోలర్‌ను బ్రష్ స్టాండ్ పక్కన పెట్టండి. ముందు పఫ్, తర్వాత బ్రష్, తర్వాత పుక్కిలించి ఉమ్మడం. నోట్లో పూత రాకుండా పుక్కిలించాలి కాబట్టి ఒక దెబ్బకు రెండు పనులు! ఫోన్‌లో అలారం కంటే ఇది గట్టిగా నిలుస్తుంది. అలారాన్ని ఆపేస్తారు, పళ్లు తోమడం ఆపరు కదా.

ఇక టెక్నిక్. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

నొక్కే పంపు అయితే: బాగా ఊపండి. ఊపిరి పూర్తిగా వదలండి. పెదాలు మూసి, నెమ్మదిగా లోతుగా పీలుస్తూ ఒక్కసారి నొక్కండి. 10 సెకన్లు బిగబట్టండి. రెండో పఫ్‌కు అర నిమిషమైనా ఆగండి. పంపుకు స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే మందు గొంతులో ఆగిపోకుండా లోపలికి పోతుంది. స్పేసర్ చిన్నపిల్లల సామాను అనుకోకండి, కాలేజీకి వెళ్లేవాళ్లకూ అది కావాలి.

క్యాప్సూల్ వేసి తిప్పే రోటాహేలర్ అయితే పద్ధతి తలకిందులు. నెమ్మదిగా పీలిస్తే పొడి కదలదు. గట్టిగా, వేగంగా, ఒక్క దమ్ములో లాగాలి. లాగాక మూత తీసి చూడండి. క్యాప్సూల్‌లో పొడి మిగిలిందా? ఇంకోసారి లాగండి. అందులోకి ఊపిరి ఊదకండి, తేమ తగిలి పొడి ముద్ద కడుతుంది. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మీ పంపు తీసి, వాళ్ల ముందే వాడి చూపించండి. ఇది అడగడానికి మొహమాటం వద్దు.

ఫ్రెండ్స్, బంధువులు, చేప

స్కూల్లో ఒక ఫ్రెండ్‌కు, పీటీ సార్‌కు చెప్పి ఉంచండి. ఇద్దరు చాలు. రిలీవర్ బ్యాగు ముందు జేబులో ఉండాలి. హాస్టల్ ట్రంకు పెట్టెలో తాళం వేసి ఉంటే లేనట్టే. ప్రియాంక చోప్రా తనకు ఐదేళ్ల వయసు నుంచి ఆస్తమా ఉందని లోకానికంతా చెప్పుకుంది. మీరు ఇద్దరికి చెప్పలేరా?

మృగశిర కార్తె రాగానే ఎవరో ఒకరు హైదరాబాద్ నాంపల్లి చేప ప్రసాదం ఊసెత్తుతారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. పెద్దవాళ్లతో పోట్లాడి మీరు గెలవలేరు, తెలుసు. కానీ వెళ్లినా వెళ్లకపోయినా కంట్రోలర్ ఒక్క పూట కూడా ఆగదని ముందే చెప్పేయండి. ఆ మాట మాత్రం గట్టిగా!

అటాక్ రోజు ఏం చేయాలో డాక్టర్‌తో కాగితం మీద రాయించుకుని, ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లకూ పంపండి. మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలం తిరుగుతున్నా, రిలీవర్ వాడినా తగ్గకపోయినా ఆలోచించొద్దు. నిటారుగా కూర్చుని, స్పేసర్‌తో రిలీవర్ వాడుతూ 108కి ఫోన్ చేయించండి.

“మరి ఎప్పుడు మానేయొచ్చు?” మంచి ప్రశ్న. మీ నోట్‌బుక్‌లో నాలుగు ప్రశ్నలకూ ‘లేదు’ అని సుమారు 3 నెలలు వరసగా వస్తే, డాక్టర్ డోసు తగ్గించడం గురించి ఆలోచిస్తారు. ఒక్కసారిగా ఆపరు, మెట్టు మెట్టుగా దించుతారు. ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి అడగండి. అయితే చలి మొదలయ్యే ముందు అడగొద్దు, ఇంటర్ పరీక్షల ముందు అసలే అడగొద్దు. జలుబు, దగ్గు లేకుండా తీరిగ్గా ఉన్న వేసవి సెలవుల్లో అడగండి.