ట్రాక్టరుకు ఉన్నది ఒకటే సీటు



నాట్లు, పత్తితీత, మిరపకోతల రోజులు వస్తే మా క్యాజువాలిటీలో నర్సులకు ఒక భయం ఉంటుంది. ట్రాక్టరు ప్రమాదమంటే తరచుగా ఒక్కరు రారు, ఒకే ఊరివాళ్ళు పదిమంది వస్తారు. అందుకే ఈ నెల పాఠంగా ట్రాక్టరు సంగతి ఎంచుకున్నాము.

కొంతకాలం క్రిందట ఒక సాయంత్రం ఏడేళ్ళ బాబును తండ్రి చేతుల మీద మోసుకుని వచ్చాడు. పొలం నుంచి వస్తూ బాబును పక్కనున్న మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకున్నాడట. రోడ్డు మీద గుంత వచ్చింది. బాబు జారి క్రింద పడ్డాడు. పెద్ద చక్రం కడుపు పక్కగా ఒరుసుకుపోయింది. పైకి పెద్ద గాయం కనబడలేదు. అందుకని ముందు ఊళ్ళోనే సోడా తాగించి, కాసేపు పడుకోబెట్టారు. మా దగ్గరకు వచ్చేసరికి ఒళ్ళంతా పాలిపోయి చల్లబడి ఉంది. లోపల రక్తస్రావం జరిగింది. డాక్టరుగారు, మేము ఎంత ప్రయత్నించినా బాబు దక్కలేదు.

ఆ తండ్రి తాగి లేడు. వేగంగా నడపలేదు. “రోజూ ఇట్లాగే తీసుకొస్తానమ్మా, ఎప్పుడూ ఏమీ కాలేదు” అని మాత్రం అన్నాడు. ఈ మాట చాలా ఇళ్ళలో వినబడుతుంది. అందుకే దీన్ని గురించి ఆలోచించాలి.

రోడ్డు మీద ట్రాక్టరు ఎందుకు ప్రమాదం?

ట్రాక్టరును పొలం పనికి తయారు చేశారు. వెనుక చక్రాలు పెద్దవి, బరువైనవి. ముందు చక్రాలు చిన్నవి. బండి ఎత్తుగా ఉంటుంది. కాబట్టి మలుపులో వేగంగా త్రిప్పినా, ఒక చక్రం రోడ్డు అంచు దిగినా సులువుగా పక్కకు ఒరిగిపోతుంది.

బ్రేకుల సంగతి ముఖ్యమైనది. చాలా ట్రాక్టర్లకు కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి, రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. చేలో మడి చివర త్రిప్పుకోవటానికి ఇది సౌకర్యం. రోడ్డు మీద ఒక పెడలే నొక్కితే బండి ఒక్కసారిగా ఆ పక్కకు తిరిగిపోతుంది. రెంటినీ కలిపే కొక్కెం ఉంటుంది. రోడ్డెక్కే ముందు దాన్ని తప్పక వేసుకోవాలి.

ఇక వెనుక ట్రక్కు. చాలా ట్రక్కులకు సొంతంగా బ్రేకులు లేవు. పల్లంలో ట్రాక్టరును ఆపబోతే ట్రక్కులోని బరువు వెనుక నుంచి నెడుతుంది, బండి మెలికపడి బోల్తా కొడుతుంది. డీజిలు కలిసి వస్తుందని పల్లంలో న్యూట్రల్‌లో వదిలేయటం ప్రాణాలతో ఆట. ఎక్కడం మీద బరువు ఎక్కువైతే ముందు చక్రాలు పైకి లేస్తాయి, స్టీరింగు పనిచేయదు.

కూలీల ట్రక్కు

ట్రక్కు సరుకు కోసం చేసినది. అందులో కూర్చునే చోటు లేదు, పట్టుకునే కమ్మీ లేదు. బోల్తా పడితే మనుషులు దాని క్రిందే పడతారు.

2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది స్త్రీలు చనిపోయారు. మూడు నెలలు తిరగకముందే, జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో మరో ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వారిలోనూ దాదాపు అందరూ కూలికి బయలుదేరిన స్త్రీలే. 2020 మే నెలలో ప్రకాశం జిల్లాలో మిరపకోత నుంచి తిరిగివస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకోగా, కరెంటు తగిలి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

“ఆటోకు డబ్బులెక్కడివి?” అని మీరు అడగవచ్చు. నిజమే. వేరే బండి పెట్టించటం రైతుకూ, ముఠా మేస్త్రికీ భారమే. కానీ సరుకు బండిలో మనుషులను ఎక్కిస్తే ప్రమాదం తరువాత బీమా సొమ్ము రాకపోవచ్చు, ఆ భారమంతా ట్రాక్టరు యజమాని మీదనే పడవచ్చు. కూలి మాట్లాడుకునేటప్పుడే బండి సంగతి కూడా మాట్లాడుకోండి.

ఇతరులను అనటం సులువు. ఒకప్పుడు మేము కూడా మందుల పెట్టెలతో వైద్య శిబిరాలకు ట్రక్కులోనే వెళ్ళాము. సభలకు, పెళ్ళిళ్ళకు సంఘమంతా పిల్లలతో సహా ట్రక్కెక్కి వెళ్ళటం మీకూ తెలిసినదే. మేము ఆ అలవాటు మానుకున్నాము. మీరూ మానుకోండి.

రోడ్డెక్కే ముందు చూసుకోవలసినవి

1. డ్రైవరు తప్ప ఎవరూ ట్రాక్టరు మీద కూర్చోకూడదు. మడ్‌గార్డు సీటు కాదు.
2. పద్దెనిమిదేళ్ళు నిండి, లైసెన్సు ఉన్నవారే నడపాలి. 2019లో మారిన చట్టం ప్రకారం పిల్లవాడు నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేక బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు.
3. ట్రక్కు వెనుక ఎర్రలైట్లు వెలగాలి, మెరిసే రిఫ్లెక్టర్ స్టిక్కర్లు ఉండాలి. చీకట్లో గడ్డిమోపుల ట్రక్కు కనబడక వెనుక నుంచి గుద్దుకుని మోటారుసైకిళ్ళవాళ్ళు చనిపోతున్నారు.
4. దమ్ము చేసే కేజీ వీల్స్‌తో తారురోడ్డు ఎక్కవద్దు. అవి జారతాయి, రోడ్డునూ పాడుచేస్తాయి.
5. బండి చెడిపోతే రోడ్డు మధ్యన రాళ్ళు పెట్టి వదిలి వెళ్ళవద్దు. పక్కకు తీయండి.
6. త్రాగి నడపవద్దు. పాటల పెట్టె మోత తగ్గించండి, వెనుక హారను వినబడాలి.

ప్రమాదం జరిగితే

మొదట ఇంజను ఆపండి. కరెంటు తీగలు తెగిపడి ఉంటే, కరెంటు ఆపారని రూఢి అయ్యేవరకు దగ్గరకు పోవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

ట్రాక్టరు క్రింద ఇరుక్కున్నవారిని చేతులు పట్టి లాగవద్దు. బండి ఇంకా ఒరగకుండా చక్రాలకు రాళ్ళు అడ్డం వేసి, జాకీ లేక క్రేను తెప్పించండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. పసుపు, కాఫీపొడి వేయవద్దు. మెడ, నడుము దెబ్బ తగిలినట్లు అనుమానముంటే కదిలించవద్దు. తప్పనిసరిగా కదపవలసివస్తే నలుగురు కలిసి, మెడ కదలకుండా, చెక్క బల్ల మీదకు చేర్చండి. నీళ్ళు, సోడా, కాఫీ ఏమీ తాగించవద్దు. ఆపరేషను అవసరమైతే మత్తు ఇచ్చేటప్పుడు అవి అపాయం.

అన్నిటికంటే ముఖ్యం: కడుపు మీద, ఛాతీ మీద దెబ్బ తగిలినవారు లేచి నడిచినా ఆసుపత్రికి తీసుకురండి. కాలేయం, ప్లీహం చితికితే రక్తం లోపలే కారుతుంది. ముఖం పాలిపోవటం, చల్లని చెమట, నాడి వేగంగా కొట్టుకోవటం, దాహం దాని గుర్తులు. ఆ గుర్తుల కోసం ఇంటి దగ్గర ఎదురుచూడవద్దు. గాయపడినవారికి మంచిమనసుతో సాయపడినవారిని ఇబ్బంది పెట్టకూడదని చట్టం ఉంది. కనుక కేసు అవుతుందేమోనని భయపడవద్దు.

ఇంట్లో అందరూ కలిసి జవాబు చెప్పుకోవలసిన ప్రశ్నలు

1. మన ట్రాక్టరు బ్రేకు పెడళ్ళను కలిపే కొక్కెం ఉన్నదా? చివరిసారి ఎప్పుడు వేశాము?
2. మన ట్రక్కు వెనుక లైటు ఈ రాత్రి వెలుగుతుందా?
3. పిల్లవాడు “నాన్నా, నేనూ ఎక్కుతా” అంటే ఏమి చెప్పాలి?

మూడవ ప్రశ్నకు జవాబు మేమే చెబుతాము. “ఇంటి దగ్గర ఆగినప్పుడు ఎక్కించి చూపిస్తాను, రోడ్డు మీద మాత్రం వద్దు” అని చెప్పండి. పిల్లవాడు కాసేపు ఏడుస్తాడు. ఏడవనివ్వండి.