తెర వెనుక తగవులు

కవి ఒంటరిగా కూర్చుండి పద్యము వ్రాయగలడు. చిత్రకారుడు తన గది తలుపు మూసికొని బొమ్మ గీయగలడు. నాటకము అట్టిది కాదు. రచయిత, ప్రయోక్త, నటులు, హార్మోనియము వాయించువాడు, వేషము దిద్దువాడు, తెర లాగువాడు, వీరందరి చేతుల మీదుగా నడచినగాని అది ప్రేక్షకుని చేరదు. తెర లాగువాడు ఒక్క క్షణము ఏమరినచో ఎంతటి నటుని కన్నీరైనను నవ్వులపాలగును. ఇంతమంది కలసి పనిచేయుచోట మాటపట్టింపులు రాకుండునా? ఏ వేషము ఎవరికి, కరపత్రములో ఎవరి పేరు ముందు, ఎవరి పాట తగ్గింపవలెను అను తగవులు నాటకము పుట్టిననాడే పుట్టినవి. ఈ చిక్కును తీర్చుటకు కృష్ణాతీరమున రెండు మార్గములు ఏర్పడినవి. ఆ రెండును పరస్పర విరుద్ధములు.

మొదటిది పద్యనాటకము వారిది. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును తిరుపతి వేంకటకవులను పేర పాండవ నాటకములు వ్రాసిరి. ఏ పద్యము ఎవరు చెప్పినను అది ఇద్దరిదియే అని వారి ఒడంబడిక. తిరుపతిశాస్త్రిగారు 1920లో గతించిరి. వేంకటశాస్త్రిగారు 1950 వరకు జీవించి, తామొక్కరే వ్రాసిన కృతులను సైతము జంట పేరుతోనే ప్రకటించుచు వచ్చిరి.

వ్రాసినవారిలో ఇంతటి పొందిక. మరి ఆడినవారిలో?

నాటక కంపెనీలు సడలిన పిమ్మట కంట్రాక్టు నాటకములు బయలుదేరెను. కంట్రాక్టరు పేరుపడిన నటులను ఊరికొక్కరిగా పిలిపించి ఆ రాత్రికి ఒకే వేదిక నెక్కించును. పద్యములు అందరికిని కంఠస్థములే కాని, కలసి రిహార్సలు చేసినవారు అరుదు. ఒకరు రాగము తీయగా జనము 'వన్స్ మోర్' అని కేక వేయును. ఎదుటి పాత్రధారి అంతసేపును చేతులు కట్టుకొని నిలువవలసినదే. తన వంతు రాగానే అతడు అంతకు రెండింతలు సాగదీయును. రాయబారము ముగియుసరికి తూర్పు తెల్లవారును.

కృష్ణ వేషమునకు కల్యాణం రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి మహానటులు ప్రసిద్ధులు. ఒక్కొక్కరికి వేలకొలది అభిమానులు. అట్టి వేషమునకు పోటీ వచ్చినప్పుడు ఒకరిని కాదని మరియొకరికి ఇచ్చు ధైర్యము ఏ కంట్రాక్టరుకు కలదు? అందుచే కృష్ణునే పంచిరి. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారమునకు ఇంకొకడు, యుద్ధరంగమునకు వేరొకడు. ఎవరికిని కోపము లేదు. తెర లేచినప్పుడెల్ల కృష్ణుని ఎత్తును, గొంతును, నడకయు మారుచుండును. తమ కృష్ణుని సీను కాగానే దుప్పటి దులుపుకొని లేచిపోవు ప్రేక్షకులును ఉండెడివారు. ఈ నాటకములను తేలికగా తీసివేయరాదు. అక్షరము రాని రైతు కూడ పొలముగట్టుపై భారత పద్యములు పాడుకొనెనన్నచో అది వీని చలువయే. కాని ఈ పంపకము వలన తగవు తీరెనే గాని నాటకపు తీరు చెడెను.

రెండవ మార్గము 1943లో వెలసిన ప్రజానాట్యమండలిది. విజయవాడ దానికి ముఖ్యకేంద్రము. వృత్తిచే వైద్యుడైన గరికపాటి రాజారావు దానికి ప్రాణము. 1947లో ఈ మండలి ప్రదర్శించిన 'మాభూమి' నాటకమును కూడ ఇద్దరే వ్రాసిరి. వారు సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు. దేశముఖుల నెదిరించిన తెలంగాణ రైతుల కథ అది. కిరీటములు లేవు, గదలు లేవు. సంభాషణలు సామాన్యుల వాడుక భాషలో నడచును. ఆనాటి రంగస్థలమునకు ఇది క్రొత్త ప్రయోగము.

ఇట్టి ప్రయోగమున నటునికి కలుగు కష్టము చిన్నది కాదు. రాగము తీసి జనముచే కేక వేయించుటకు అలవడినవాడు గుంపులో ఒక రైతుగా మాటాడక నిలువవలెను. పక్కవాని మాట వినుచున్నట్లు కనబడుటయే అప్పటి నటన. ఇక స్త్రీలు రంగమెక్కుట వేరొక పరీక్ష. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు వంటి పురుషులే స్త్రీ పాత్రలకు పేరొందిన కాలమది. పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ (1918-2018) వంటి గృహిణులు మండలిలో చేరి ఆడి పాడినప్పుడు వీధిలోని ఎగతాళిని కూడ భరింపవలసివచ్చెను. తోటి నటులు తోబుట్టువులవలె మెలగనిచో వారు రెండవనాడు రిహార్సలుకు రాగలిగెడివారా?

అనుభవముగల ప్రయోక్త వేషములు పంచుటకు ముందు అందరిని కూర్చుండబెట్టి నాటకమును ఆసాంతము చదివించును. కథ మొత్తము విన్నవానికి తన నాలుగు మాటలు ఎచ్చట అవసరమో తెలియును. తెలిసిన పిమ్మట కూడ తగవులు వచ్చును. అయితే 'నా పాట ఎందుకు తీసితిరి' అను తగవు వేరు, 'ఈ పాట ఇచ్చట కథ నాపుచున్నది' అను తగవు వేరు. మొదటిదానిని చల్లార్చవలెను. రెండవదానిని నోరుమూయించిన ప్రయోక్త తన నాటకమునకు తానే శత్రువగును.

ఈ రెండవ తగవునకు మన బుర్రకథలో చక్కని పీట వేసినారు. నడుమ కథకుడు తంబుర మీటుచు కథ చెప్పును. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయింతురు. హాస్యపు వంత కథకుని మాటకు వెక్కిరింత తగిలించును. రాజకీయపు వంత 'అదెట్లు?' అని నిలదీయును. అడ్డుపడుటయే వారి పని. అడ్డుపడకున్నచో కథ రక్తి కట్టదు. మండలిలో ఈ కళకు పేరు తెచ్చిన షేక్ నాజరు సింహనాదమునకు ఆ వంతల ప్రశ్నలును తోడైనవి.

'మాభూమి'ని నూటికి పైగా దళములు ఊరూర ఆడినవి. ఒక్క కృష్ణుని ముగ్గురు పంచుకొన్న నేలపై, ఇప్పుడు ఒక్క రైతు వేషమును నూరుగురు నూరు ఊళ్లలో వేసిరి. ఆ వేషము ఏ ఒక్కరి సొత్తును కాలేదు. జనము నటుని పేరు కాక నాటకము పేరు విని వచ్చెను. 1948లో మద్రాసు ప్రభుత్వము ఆ నాటకమును నిషేధించెను. దళములు చెదరెను.

చెదరినవారిలో పలువురు సినిమాలకు పోయిరి. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి వారిలో ఒకరు. వేషములు వేయుచునే ఆయన తెలుగు రంగస్థల నటుల జీవిత విశేషములను ఓపికతో సేకరించి 'నటరత్నాలు' అను గ్రంథముగా కూర్చిరి. పద్యనాటకపు నటులకును అందులో సముచిత స్థానము లభించినది.