రంగారావుని చూడటం నేర్చుకో

ముంచింగిపుట్టు

చి. అమ్మాయికి మాస్టారు ఆశీర్వదించి రాయునది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల కోర్సులో చేరావని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. నటన నేర్చుకోవాలంటే ముందు ఎవర్ని చూడాలని అడిగావు. తిప్పి తిప్పి చెప్పను. ఎస్వీ రంగారావుని చూడు. ఆడపిల్లకి సావిత్రినో భానుమతినో చెప్పకుండా ఈయన్ని చెబుతాడేమిటని నీకు అనిపించవచ్చు. సావిత్రి దగ్గరికి కూడా వస్తాను, కానీ రంగారావు మీదుగా వస్తాను.

నీ ఈడు వాళ్లకి ఆయన గొంతే తెలుసు. 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడి మాటల్ని మిమిక్రీ వాళ్లు సాగదీసి పలికితే విని, అదే రంగారావు అనుకుంటారు. ఫోన్లో అర నిమిషం ముక్కలు చూస్తే దొరికేది అంతే. సినిమా మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూస్తే తప్ప ఆయన చేసిన పని కంటికి ఆనదు.

ఆయన జీవితం క్లుప్తంగా చెబుతాను. 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు. మద్రాసులో బడి చదువు. ఇంటర్ చదివింది నువ్విప్పుడున్న విశాఖలోనే, ఏవీఎన్ కాలేజీలో. ఆ తర్వాత కాకినాడ పీఆర్ కాలేజీలో బీఎస్సీ. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అని నాటకాల సమాజం ఉండేది. అంజలీదేవి, ఆదినారాయణరావు వంటి వాళ్లతో పాటు రంగారావూ అక్కడ వేషాలు కట్టారు. తర్వాత అగ్నిమాపక శాఖలో ఆఫీసరై బందరులో, విజయనగరంలో పనిచేశారు. మంచి ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం. కానీ నాటకం ఆడే తీరిక లేదు. ఉద్యోగమే వదిలేశారు.

1947లో 'వరూధిని' వచ్చింది. అందులో ఆయనే ప్రవరుడు, అంటే కథానాయకుడు. సినిమా ఆడలేదు. చేతిలో వేషాల్లేవు. ఏం చేశారనుకుంటున్నావు? జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో గుమాస్తా పనిలో చేరారు. కొన్నాళ్లకి 'పల్లెటూరి పిల్ల'లో ప్రతినాయకుడి వేషానికి పిలుపొచ్చింది. అదే సమయంలో తండ్రి పోయారు. కర్మకాండలు ముగించుకుని మద్రాసు చేరేసరికి ఆ వేషం మరొకరికి వెళ్లిపోయింది. ఇచ్చిన చిన్న వేషమే వేశారు. హీరోగా మొదలైన మనిషి చిన్న వేషానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదమ్మా. నేను ఆయన్ని గౌరవించడం అక్కడే మొదలవుతుంది. 1950లో 'షావుకారు'లో సున్నం రంగడుగా జనం కళ్లలో పడ్డారు. మరుసటి ఏడాది 'పాతాళభైరవి'తో ఆంధ్రదేశమంతా ఆయన పేరు మోగిపోయింది.

ఇక చూడాల్సిన పద్ధతి. 'మాయాబజార్' పెట్టు. 1957 మార్చి 27న విడుదలైంది, కె.వి. రెడ్డి దర్శకత్వం. ఘటోత్కచుడు వచ్చే చోట శబ్దం పూర్తిగా తీసేసి చూడు. గద భుజాన పెట్టుకున్న తీరు గమనించు. సినిమా గదకి బరువెంత ఉంటుంది? ఆ బరువంతా ఆయన మెడలో, భుజంలో, నేల మీద ఆనించిన మడమలో ఉంది. తన అడవిలోకి వచ్చిన వాళ్ల మీద విరుచుకుపడతాడు. ఎదురు నిలబడ్డది సుభద్ర పినతల్లి అనీ, తమ్ముడు అభిమన్యుడు అనీ తెలిసిన క్షణంలో ఏమవుతుందో చూడు. అంత మనిషీ ఒక్కసారిగా తప్పు చేసి దొరికిన పిల్లాడైపోతాడు. ఒళ్లు తగ్గలేదు, కిరీటం తియ్యలేదు. భుజాలు కిందికి జారాయి, కళ్లలోకి బెదురొచ్చింది, అంతే. తల్లి హిడింబి ముందు నిలబడ్డప్పుడూ అదే వినయం. రాక్షసుడికి తల్లంటే భయముంటుందని రచయిత రాయొచ్చు, అది మనం నమ్మేలా చేయాల్సింది నటుడే. అప్పటికి ఆయనకి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఇప్పుడు శబ్దం పెట్టుకుని, అదే సినిమాలో సావిత్రిని చూడు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం దాలుస్తాడు కదా, అక్కణ్నుంచి సావిత్రి శశిరేఖ కాదు. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. పెళ్లికూతురి సింగారంతో సిగ్గుపడుతూ పాడే పాట ఉంది. సిగ్గు పడుతూ పడుతూ, ఉన్నట్టుండి ఛాతీ విరిచి, దర్పంగా అడుగేస్తారు ఆవిడ. అది రంగారావు అడుగు! పాట చివర ఆ నోట మగగొంతు పలికినా మనకి వింతగా తోచదు, ఎందుకంటే ఆ లోపల ఎవరున్నారో సావిత్రి ఒంటితో ముందే చెప్పేశారు. ఇక్కడ ఇద్దరి గొప్పా ఉంది. పట్టుకోవడానికి వీలుగా ఒక స్పష్టమైన మనిషిని ఆయన తయారుచేసి పెట్టారు. పట్టుకోగలిగిన కన్ను ఆవిడకి ఉంది. నువ్వు ఎప్పటికీ ఘటోత్కచుడి వేషం వేయకపోవచ్చు. కానీ సావిత్రి వేశారని మరిచిపోకు. మగపాత్ర, ఆడపాత్ర అని గిరిగీసుకుని చూడకపోతే నీకు గురువులు రెట్టింపవుతారు.

తర్వాత 'నర్తనశాల', 1963. కీచకుడు. సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపది మీద కన్నేసిన పాత్ర. కాస్త అదుపు తప్పితే అసభ్యమైపోతుంది. రంగారావు ఆ కామాన్ని చేతుల్లోకి రానివ్వలేదు, ఎక్కువ భాగం చూపులో, నడక వేగంలో దాచారు. చూస్తున్న మనకి ద్రౌపది కోసం భయం వేస్తుంది గానీ, తెర మీంచి కళ్లు తిప్పుకోవాలనిపించదు. జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలన చిత్రోత్సవంలో ఈ పాత్రకే ఆయన్ని ఉత్తమ నటుడిగా ఎంచారు. భారతం కథ తెలియని వాళ్లు కూడా ఆ మనిషిని చదవగలిగారన్నమాట.

మాంత్రికుడు, ఘటోత్కచుడు, కీచకుడు, 'భక్త ప్రహ్లాద'లో హిరణ్యకశిపుడు... ఇవన్నీ చూసి, భారీ విగ్రహం, గంభీరమైన గొంతు ఉన్నాయి కాబట్టి నెగ్గుకొచ్చాడనే వాళ్లున్నారు. వాళ్లు 'బంగారు పాప' చూడలేదు. బి.ఎన్. రెడ్డి తీశారు, పాలగుమ్మి పద్మరాజు మాటలు. జార్జ్ ఎలియట్ రాసిన 'సైలాస్ మార్నర్' అనే ఇంగ్లిషు నవల దానికి మూలం. జనం మీద కసి పెంచుకుని మొరటుబారిపోయిన కోటయ్య చేతికి ఎవరిదో పసిపాప దొరుకుతుంది. మంత్రాల్లేవు, గదల్లేవు, పెద్ద డైలాగుల్లేవు. ఆ మొరటు మనిషి మెల్లమెల్లగా మెత్తబడటమే కథ. ఏ సన్నివేశంలో మారాడో వేలు పెట్టి చూపించమంటే నేను చూపించలేను. అంత సన్నగా మార్చుకొచ్చారు. నన్నడిగితే ఆయన పాత్రల్లో దీనికే మొదటి పీట వేస్తాను. 'మిస్సమ్మ'లో, 'గుండమ్మ కథ'లో మర్యాదస్తుడైన పెద్దమనిషిగా ఎంత హాయిగా ఉంటారో అదీ చూడు. పక్కవాళ్లు మాట్లాడుతుంటే ఊరికే వింటూ కూర్చుంటారు. ఆ వినడం నేర్చుకోవడానికి నీకు చాలాకాలం పడుతుంది.

నీ తెలుగులో మన ఆదివాసీ ఒరియా యాస పలుకుతోందని ఎవరో నవ్వారని రాశావు. మాట స్పష్టంగా పలకడం సాధన చెయ్యి, అది వృత్తి. రోజూ పద్యమో వచనమో గొంతెత్తి చదువు. కానీ ఇంటి మాటని వదిలించుకోవాలని చూడకు. సున్నం రంగడి మాట వేరు, మాంత్రికుడి మాట వేరు, కీచకుడి మాట వేరు. రంగారావు ఒక్కొక్కరికీ ఒక్కో పలుకు ఇచ్చారు. రేపు మన కొండల మనిషి పాత్ర వస్తే, ఆ పలుకు నీ దగ్గర తప్ప మీ తరగతిలో ఇంకెవరి దగ్గరుంది? ఇప్పటిదాకా మన మనుషుల్ని తెర మీద ఈకలు తొడిగి గెంతించిన వాళ్లే ఎక్కువ. అది చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

సెలవులకి వచ్చినప్పుడు ఖాళీగా కూర్చోకు. సంతకి వెళ్లు. పసుపు బస్తా దించి బేరగాడి కాటా వైపు చూస్తున్న మనిషి మొహం చూడు. థింసా నాట్యంలో మోరి ఊదే ముసలాయన ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో చూడు. మాచ్‌ఖండ్ ఏటి అవతల కోరాపుట్ పల్లెల్లో దేశియా నాటకం ఆడితే తెల్లవారేదాకా కూర్చో. ముసుగు పెట్టుకున్న నటుడికి మొహం ఉండదు, ఒళ్లే మాట్లాడాలి. ఘటోత్కచుడి భుజాల గురించి నేను చెప్పిందంతా అక్కడ నీ కళ్లముందే కనబడుతుంది.

రంగారావు రెండు సినిమాలకి దర్శకత్వం కూడా వహించారు, 'చదరంగం', 'బాంధవ్యాలు'. రెండో దానికి ఉత్తమ చిత్రంగా నంది వచ్చింది. పద్మ పురస్కారం మాత్రం రాలేదు. తెలుగువాళ్లు విశ్వనట చక్రవర్తి అని పిలుచుకున్న మనిషికి అది ఇవ్వకపోవడం అన్యాయమని నేను ఎవరి ముందైనా అంటాను. 1974 జూలై 18న మద్రాసులో గుండెపోటుతో పోయారు. యాభై ఆరేళ్లే. తాత వేషాలు అన్ని వేశారు గానీ, తాను మాత్రం ముసలితనం చూడలేదు. 2013లో భారతీయ సినిమా నూరేళ్ల సందర్భంగా తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

ముందు 'బంగారు పాప' చూడు, 'మాయాబజార్' తర్వాత. కోటయ్య పాపని మొదటిసారి ఎత్తుకున్నప్పుడు ఆయన చేతులు ఎలా ఉన్నాయో గమనించి, నాకు వివరంగా ఉత్తరం రాయి. బాగుందని, గొప్పగా ఉందని రాస్తే ఒప్పుకోను. ఏ చెయ్యి ఎక్కడుందో రాయాలి.

ఇట్లు,
మీ మాస్టారు